చూడటం వేరు, చూసుకోవడం వేరు

ఇంగ్లీషు అనగానే మనలో చాలామందికి పెద్ద పెద్ద మాటలంటే భయం. నిజానికి భయపడాల్సింది పెద్ద మాటలకు కాదు, చిన్న మాటలకు. పెద్ద మాట ఎదురైతే డిక్షనరీ తీసి అర్థం చూస్తాం, అక్కడితో సరి. కానీ 'లుక్', 'పుట్', 'గెట్', 'టేక్' లాంటి బుల్లి బుల్లి మాటలున్నాయి చూశారూ, వాటితోనే చిక్కంతా. పైకి ఎంతో అమాయకంగా కనిపిస్తాయి. వెనకాల ఏ తోక తగిలిందో గమనించకపోతే మాత్రం అర్థం తలకిందులవుతుంది.

'లుక్' అంటే చూడు. ఒకటో తరగతి పిల్లాడిని అడిగినా చెబుతాడు. 'ఆఫ్టర్' అంటే తరువాత. అదీ తెలిసిందే. మరి రెండూ కలిపి 'లుక్ ఆఫ్టర్' అంటే 'తరువాత చూడు' అనే కదా రావాలి? రాదు. బాగోగులు చూసుకోవడం, కనిపెట్టుకుని వుండటం అని వస్తుంది. రెండు మాటల్లోనూ లేని మూడో అర్థం ఎక్కణ్ణించో వచ్చి పీట వేసుకుని కూర్చుంటుంది. ఇలాంటి జంట మాటల్నే ఇంగ్లీషువాళ్ళు 'ఫ్రేజల్ వెర్బ్' అంటారు.

ఇది మనకొక్కళ్ళకే వచ్చిన తంటా కాదు. 1755లో ఇంగ్లీషు భాషకు పేరుపొందిన నిఘంటువు తయారుచేసిన శామ్యూల్ జాన్సన్ తన ముందుమాటలోనే ఈ సంగతి ఎత్తాడు. క్రియ వెనకాల ఒక చిన్న మాట తగిలించి అర్థం మార్చేసే అలవాటు తమ భాషలో చాలా ఎక్కువనీ, పరాయివాళ్ళకు అన్నిటికన్నా కష్టం కలిగించేది ఇదేననీ ఒప్పుకున్నాడు. అంతటి పండితుడే అలా అన్నాక మనం సిగ్గుపడాల్సిన పనేముంది చెప్పండి! 'ఫ్రేజల్ వెర్బ్' అనే పేరు మాత్రం చాలా ఆలస్యంగా, 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ రాసిన పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది. ఆ పేరు తనకు సూచించింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ అని ఆయనే రాశాడు.

తోక మారితే ఎంత ప్రమాదమో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. మన దగ్గర "మా అబ్బాయి ఈ ఏడే పాస్ అవుట్ అయ్యాడు" అంటే చదువు పూర్తయిందని స్వీట్లు పంచుతాం. అదే మాట విదేశాల్లో అంటే "అయ్యో, స్పృహ తప్పాడా! నీళ్ళు చల్లండి" అని కంగారుపడతారు. మిలిటరీ శిక్షణ ముగిశాక జరిపే 'పాసింగ్ అవుట్ పెరేడ్'లో మనం వాడే అర్థం వుంది కానీ, మామూలు మాటల్లో అక్కడ 'పాస్ అవుట్' అంటే మూర్ఛే.

వంటింట్లో వున్న వ్యాకరణం

ఇప్పుడు అసలు సంగతి. ఈ తోకల విద్య ఇంగ్లీషువాళ్ళ సొత్తేమీ కాదు. మనం పొద్దున లేచింది మొదలు ఇదే పని చేస్తున్నాం, గమనించుకోవడం లేదంతే.

'వండు' అనే మాట తీసుకోండి. "వండుకున్నాను" అంటే నా కోసం నేను. "వండిపెట్టాను" అంటే మరొకరి కోసం. "వండేశాను" అంటే పని ఒక కొలిక్కి వచ్చింది, ఇక కాస్త నడుం వాల్చొచ్చు. "వండి పడేశాను" అంటే, ఆ రోజు ఇంట్లో ఏదో గొడవ జరిగిందని పక్కింటావిడకు కూడా అర్థమైపోతుంది! కూర అదే, పొయ్యి అదే, చెయ్యి అదే. చివరన తగిలిన చిన్న మాట మాత్రం ఎవరి కోసం వండామో, ఏ మనసుతో వండామో కూడా చెప్పేస్తోంది. మనకు ఈ మాత్రం నేర్పు పుట్టుకతో వచ్చినప్పుడు ఇంగ్లీషు తోకలు ఓ లెక్కా?

'చూడు' కూడా అంతే. చుట్టుపక్కల చూడటం, పేషెంటును చూసి రావడం, "మా ఇల్లు కాస్త చూస్తూ వుండండి" అని తాళం చెవి పక్కవాళ్ళకిచ్చి ఊరెళ్ళడం, పిల్లలు చేసిన అల్లరిని చూసీ చూడనట్టు వదిలేయడం, మంచి సంబంధం చూసిపెట్టమని నలుగురికీ చెప్పడం, చివరికి పెద్దవాళ్ళను చూసుకోవడం. ఒక్క చూపులోంచి ఇన్ని పనులు పుట్టాయి.

సరిగ్గా ఇంగ్లీషు 'లుక్' కూడా ఇలాగే పిల్లల్ని కన్నది. 'లుక్ ఎట్' అంటే కళ్ళతో చూడటం. 'లుక్ ఫర్' అంటే వెతకడం, మా సూర్యాపేట వైపు మాటలో చెప్పాలంటే దేవులాడటం. 'లుక్ ఇన్‌టు' అంటే విషయం లోపలికి వెళ్ళి విచారించడం. స్కూలు వాళ్ళకు ఏదైనా ఫిర్యాదు రాస్తే "లుక్ ఇన్‌టు చేస్తాం" అంటారే, అదన్నమాట. 'లుక్ అప్' అంటే డిక్షనరీలోనో ఫోనులోనో అర్థం, నంబరు చూడటం. దానికే ఇంకో తోక పెట్టి 'లుక్ అప్ టు' అంటే ఒకరిని గౌరవంగా తలెత్తి చూడటం. 'లుక్ డౌన్ ఆన్' అంటే చులకనగా చూడటం. 'లుక్ ఫార్వర్డ్ టు' అంటే సంక్రాంతికి కూతురొస్తుందని ఎదురుచూసే చూపు.

ఇందులో రెండు చోట్ల జాగ్రత్తగా వుండాలి. 'లుక్ ఓవర్' అంటే కాగితాన్ని ఒకసారి పరిశీలించడం. అదే మాటను తిరగేసి 'ఓవర్‌లుక్' అంటే చూడకుండా వదిలేయడం. "కాగితాలు లుక్ ఓవర్ చేశాను" అనబోయి "ఓవర్‌లుక్ చేశాను" అంటే పని చేయలేదని మనమే చెప్పుకున్నట్టు. ఇక రెండోది 'ఫర్', 'ఆఫ్టర్' తేడా. అబ్బాయికి సంబంధం వెతుకుతున్నామని చెప్పాలంటే 'లుకింగ్ ఫర్ ఎ బ్రైడ్' అనాలి. 'లుకింగ్ ఆఫ్టర్ ఎ బ్రైడ్' అన్నామో, పెళ్ళికూతురు అప్పటికే ఇంటికి వచ్చేసింది, ఆవిడకు వేళకు పాలూ పళ్ళూ అందిస్తున్నాం అని అర్థం!

'లుక్ ఆఫ్టర్' వాడేటప్పుడు ఇంకొక్క చిన్న నియమం గుర్తుంచుకుంటే చాలు. ఈ రెండు మాటల మధ్యకు మనిషిని తీసుకురాకూడదు. 'లుక్ ఆఫ్టర్ హర్' అనాలి గానీ 'లుక్ హర్ ఆఫ్టర్' అనకూడదు. ఎవరినైనా బాగా చూసుకుంటున్నారని చెప్పేటప్పుడు 'షి ఈజ్ వెల్ లుక్డ్ ఆఫ్టర్' అని ఆ 'ఆఫ్టర్' చివర్న వేలాడుతుంది. వాక్యం సగంలో ఆగినట్టు అనిపించి మనవాళ్ళు దాన్ని వదిలేస్తుంటారు. వదిలేస్తే 'షి ఈజ్ వెల్ లుక్డ్' అని మిగులుతుంది, దానికి అర్థమే లేదు. తోకే కదా అని కోస్తే ప్రాణమే పోతుందన్నమాట.

మూడు ఊళ్ళ మాట

మా అమ్మగారిల్లు సూర్యాపేట. నన్నిచ్చింది కోదాడ. మా చెల్లెల్ని ఇచ్చింది మిర్యాలగూడ. ఈ మూడూ ఒకప్పుడు నల్లగొండ జిల్లాలోవే. 2016 అక్టోబరులో సూర్యాపేట జిల్లా ఏర్పడినప్పుడు కోదాడ అందులోకి వచ్చింది, మిర్యాలగూడ నల్లగొండలోనే వుండిపోయింది. జిల్లాలు వేరయినా రాకపోకలు ఎక్కడికి పోతాయి? మాట మాత్రం ఊరూరికీ కాస్త మారుతుంది. కోదాడ దాటి విజయవాడ రోడ్డు మీద ఇంకాస్త ముందుకెళ్తే ఆంధ్ర వచ్చేస్తుంది కాబట్టి మా వీధిలో రెండు వైపుల మాటలూ కలిసి వినిపిస్తాయి. బయటికి వెళ్ళేవాళ్ళతో ఒకరు "జాగ్రత్త" అంటే, పక్కావిడ "పైలం" అంటుంది. రెండూ ఒకటే. ఇంగ్లీషులో చెప్పాలంటే 'లుక్ ఆఫ్టర్ యువర్‌సెల్ఫ్'.

చూసుకోవడానికి మా అమ్మ వాడే మాట ఇంకొకటుంది, అర్సుకోవడం. "నన్ను అర్సుకునే బిడ్డలున్నరు, నాకేంది" అంటుంది ఎవరొచ్చినా. చదువుకున్నవాళ్ళు దీన్ని మోటుమాట అనుకుంటారు గానీ, ఇది చాలా పాత తెలుగు. కావ్యాల్లో 'అరయు' అంటే చూడటం, విచారించడం, మంచిచెడ్డలు కనుక్కోవడం. పండితులు పుస్తకాల్లో చదువుకునే మాటను మా అమ్మ మంచం మీద కూర్చుని రోజూ వాడుతోంది. కనిపెట్టుకుని వుండటం అనే మాటలోనూ 'కను' అంటే చూడటమే వుంది. చూడండి చిత్రం! ఎక్కడి ఇంగ్లీషు, ఎక్కడి తెలుగు, అయినా సంరక్షణ అనే పని కంటితోనే మొదలవుతుందని ఇద్దరికీ తోచింది.

అయితే ఒక తేడా వుంది. ఇంగ్లీషు 'ఆఫ్టర్'లో వెనకాల అనే అర్థం కూడా వుంది. నడిచి వెళ్తున్న మనిషి వెంట చూపును పంపడం అన్నమాట. మొదట్లో ఈ జంట మాటకు వెతకడం, ఎదురుచూడటం అనే అర్థాలు కూడా వుండేవి. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో లూకా సువార్తలో రాబోయే వాటి కోసం ఎదురుచూడటం అనే అర్థంలోనే అది కనిపిస్తుంది. ఇప్పుడు సంరక్షణ అనే అర్థమే బాగా స్థిరపడింది. తప్పటడుగులు వేసే పిల్లాడి వెనకాల మనం ఎలా చూస్తూ నడుస్తామో తలుచుకుంటే ఆ 'ఆఫ్టర్' ఎందుకొచ్చిందో ఇట్టే తెలిసిపోతుంది.

మన తోక వేరు. మనది 'కొను'. కొనడం అంటే తీసుకోవడం. "వండుకున్నాను" అంటే నా కోసం అని ఇందాకే చెప్పుకున్నాం. మరి "అమ్మను చూసుకున్నాను" అన్నప్పుడు? చూసింది ఎదుటి మనిషిని, తోక మాత్రం నాది. అంటే ఆ మనిషిని నాలో ఒక భాగంగా లెక్కవేశాను, ఆ భారం నా మీదికి తీసుకున్నాను అని. ఇంగ్లీషు చూపు మనిషి వెంట నడుస్తుంది. తెలుగు చూపు ఆ మనిషిని నెత్తికెత్తుకుంటుంది. నాకు తోచిన వ్యాకరణం ఇది, పండితులు ఏమంటారో గానీ.

ఎవరు చూసుకుంటున్నారు?

ఈ మాట గురించి ఇంత ఆలోచన ఎందుకు వచ్చిందంటే, నిరుడు మా అమ్మ బాత్‌రూములో జారిపడింది. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. నాన్నగారు పోయినప్పటి నుంచీ సూర్యాపేటలో ఒక్కతే వుంటోంది. మా ఇళ్ళకు రమ్మంటే రాదు. "నా ఇల్లు నాకుంటే మీ ఇండ్లకెందుకు" అంటుంది. అందుకని నేనూ చెల్లెలూ వంతులు వేసుకున్నాం. నాలుగు రోజులు నేను కోదాడ నుంచి, నాలుగు రోజులు తను మిర్యాలగూడ నుంచి. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేకపోవడం మాకు ఎంత కలిసొచ్చిందో చెప్పలేను. చేతిలో క్యారేజీ, భుజాన సంచి, జీరో టికెట్టు. మా ప్రయాణాలు అవీ.

తమ్ముడు డాలస్‌లో వుంటాడు. మంచివాడు. ఆపరేషన్ ఖర్చంతా వాడే పంపాడు. ఒక రోజు ఫోనులో "అక్కా, మీరిద్దరూ అమ్మను చాలా బాగా లుక్ ఆఫ్టర్ చేస్తున్నారు, థాంక్స్" అన్నాడు. ఫోను స్పీకరులో వుంది. అమ్మకు కాళ్ళకు నూనె రాస్తున్న చెల్లెలు చెయ్యి ఆపి, "థాంక్స్ ఎందుకురా? అమ్మ నాకు అమ్మ కాదా? నీ అమ్మను మేమేదో జీతానికి చూస్తున్నట్టు!" అనేసింది. అవతల వాడు మాట్లాడలేదు. అమ్మ మాత్రం "వాణ్ణి ఏమనకు బిడ్డా, దూరంల ఉన్నడు" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాడు అన్నదాంట్లో తప్పేముంది? వాడి వ్యాకరణమూ తప్పు కాదు, మనసూ తప్పు కాదు. మరి చెల్లెలికి ఎందుకంత కోపం వచ్చింది? ఆలోచిస్తే తెలిసింది. ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ఈ మాట చాలా చిన్నది. దాని వెనకాల వున్న పని మాత్రం చాలా పెద్దది. ఆ చిన్న మాటలో ఏం ఇమిడి వుందో లోపల వున్నవాళ్ళకే తెలుస్తుంది.

మంచం మీద వున్న మనిషికి రెండు గంటలకోసారి ప్రక్క మార్చాలి, లేకపోతే వీపు మీద పుండు పడుతుంది. మందులు తిన్న తర్వాత ఏవి, ముందు ఏవి అని గుర్తుంచుకోవాలి. డాక్టరు చెప్పినట్టు రోజూ వాకరు పట్టించి నాలుగడుగులు వేయించాలి. నొప్పి అని అమ్మ ఏడిస్తే మనకూ ఏడుపొస్తుంది, అయినా వేయించాలి. నీళ్ళు తక్కువ తాగుతుంది, బాత్‌రూముకు వెళ్ళాల్సి వస్తుందని. అది కనిపెట్టి బతిమాలి తాగించాలి. బాత్‌రూములో పట్టుకోవడానికి గోడకు కడ్డీ బిగించాలి, జారని చాప వేయాలి, రాత్రి చిన్న లైటు వెలుగుతూ వుండాలి. నిద్రలో కూడా ఒక చెవి అటే వుండాలి. ఇదంతా కలిపితే 'లుక్ ఆఫ్టర్'. రెండు ముక్కలు!

ఇంకో తేడా కూడా అప్పుడే గమనించాను. మిర్యాలగూడ అంటేనే రైసు మిల్లులు కదా. సాగరు ఎడమ కాలువ నీళ్ళొచ్చాక ఆ ప్రాంతమంతా వరి, ఊరి చుట్టూ మిల్లులు. అక్కడ పెళ్ళి సంబంధాల్లో "అబ్బాయి మిల్లు చూసుకుంటాడు" అనే మాట తరచుగా వినిపిస్తుంది. ఇంగ్లీషు ప్రకటనలో అదే 'లుక్స్ ఆఫ్టర్ ఫ్యామిలీ బిజినెస్' అవుతుంది. వినగానే మనకేం కనిపిస్తుంది? కుర్చీ, టేబులు, లెక్కల పుస్తకం, నలుగురు పనివాళ్ళు. అదే ఇంట్లో కోడలి గురించి "ఇల్లు చూసుకుంటుంది" అంటారు. వినగానే ఏం కనిపిస్తుంది? "ఏ పనీ లేదు, ఖాళీయే" అని! మాట అదే, తోక అదే. మగవాడికి తగిలితే హోదా అయింది, ఆడదానికి తగిలితే ఖాళీ అయింది. వ్యాకరణం ఎక్కడా ఈ తేడా చెప్పలేదు, మనమే పెట్టుకున్నాం.

లెక్కల్లో చూసినా అంతే. కేంద్ర ప్రభుత్వ గణాంక శాఖ 2024లో దేశమంతటా ఎవరు ఏ పనికి ఎంత సమయం వెచ్చిస్తున్నారో సర్వే చేసింది. జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. పిల్లల్నీ పెద్దల్నీ రోగుల్నీ చూసుకునేవాళ్ళలో ఆడవాళ్ళకు 137 నిమిషాలు, మగవాళ్ళకు 75. రెండూ కలిపితే ఆడదాని రోజులో ఏడు గంటల పైన. ఆఫీసు డ్యూటీ అంత! ఇందులో రాత్రి నిద్రలో అటు పెట్టిన చెవి లెక్కలోకి రాలేదనుకోండి.

కోర్టులు కూడా ఈ సంగతి గుర్తించాయి. 2001లో లతా వాధ్వా కేసులో సుప్రీంకోర్టు 34 నుంచి 59 ఏళ్ళ గృహిణుల సేవల విలువను నెలకు 3,000 రూపాయలుగా లెక్కగట్టి నష్టపరిహారం నిర్ణయించింది. 2021 జనవరి 5న రోడ్డు ప్రమాదంలో చనిపోయిన భార్యాభర్తల కేసులో, కృష్ణా జిల్లా పొన్నవరంలో పుట్టిన మన తెలుగు జడ్జి జస్టిస్ ఎన్.వి. రమణ గృహిణి పని గురించి విడిగా ఒక తీర్పే రాశారు. 2011 జనాభా లెక్కల్లో ఇంటిపనే తమ ముఖ్యమైన పని అని చెప్పినవాళ్ళు ఆడవాళ్ళలో సుమారు 16 కోట్లు, మగవాళ్ళలో సుమారు 58 లక్షలే అని అందులో చూపించారు. ఇంట్లో వుండే ఆడవాళ్ళు పని చేయరనీ, ఇంటికి ఆర్థికంగా ఏమీ చేకూర్చరనీ అనుకోవడం పొరపాటన్నారు.

తల్లిదండ్రుల కోసం 2007లో వచ్చిన చట్టం కూడా వుంది. పోషించుకోలేని తల్లిదండ్రుల్ని పిల్లలు పోషించాలని, కొడుకైనా కూతురైనా బాధ్యత ఒకటేనని ఆ చట్టం చెబుతుంది. పోషణ అంటే తిండి, బట్ట, ఇల్లు, వైద్యం అని వివరించింది. మంచిదే, కాదనను. కానీ ఆ నాలుగూ డబ్బుతో సమకూర్చగలిగినవి. పక్కన కూర్చుని నీళ్ళు తాగించడం ఏ చట్టంలో రాస్తారు? పోషణ వేరు, చూసుకోవడం వేరు. డబ్బు పంపినవాడు పోషించినట్టే. చూసుకోవడానికి మాత్రం కళ్ళు కావాలి.

దూరం నుంచి చూడొచ్చా?

మర్నాడు నేనే తమ్ముడికి ఫోను చేశాను. దెబ్బలాడటానికి కాదు. "నువ్వు థాంక్స్ చెప్పకు, నీ వంతు కూడా తీసుకో. కళ్ళుంటే చాలు, అక్కణ్ణించే చేయొచ్చు" అన్నాను. "ఏం చేయాలక్కా, చెప్పు" అన్నాడు పాపం.

ఇక్కడ వేసవిలో పొద్దున్న ఏడు గంటలంటే డాలస్‌లో ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. ఆ వేళకు వాడు వీడియో కాల్ చేస్తాడు. ఫోను కిటికీలో నిలబెడతాం. అమ్మ వ్యాయామం చేస్తుంటే వాడు లెక్క పెడతాడు. "ఏడు... ఎనిమిది... ఇంకా రెండే అమ్మా" అని. మేము చెబితే "ఇగ చాలు పో" అనే మనిషి, కొడుకు లెక్కపెడితే పదికి పన్నెండు చేస్తుంది! మందులు ఎన్ని మిగిలాయో ప్రతి ఆదివారం మేము చెబుతాం, అయిపోకముందే ఆర్డరు పెట్టే పని వాడిది. డాక్టరు దగ్గర తారీఖు తీసుకోవడం, కరెంటు బిల్లు, గ్యాసు బుకింగు కూడా వాడివే. దసరాకు మూడు వారాలు సెలవు పెట్టుకుని వచ్చాడు. నన్నూ చెల్లెల్నీ ఇళ్ళకు పంపించి ఆ మూడు వారాలూ వాడొక్కడే వున్నాడు. మొదటి రోజు రాగిజావ వుండలు కట్టిందట. నాలుగో రోజుకు "అక్కా, అమ్మకు నీళ్ళు తాగించడం ఇంత కష్టమా!" అని ఫోను చేశాడు. చెల్లెలు పడీ పడీ నవ్వింది. కోపం ఆ నవ్వుతో పోయింది.

ఈ అనుభవం చెప్పడంలో నా ఉద్దేశం ఒకటే. మన ఇళ్ళల్లో చూసుకోవడం అనే మాటను ముద్దగా వుంచేస్తాం. ముద్దగా వున్నంత కాలం అది ఎవరో ఒక ఆడదాని నెత్తిన పడుతుంది. దాన్ని విడదీసి కాగితం మీద రాయండి. మందులు ఎవరు, బిల్లులు ఎవరు, రాత్రి పక్కన ఎవరు, డాక్టరు దగ్గరికి ఎవరు, రోజూ ఒక గంట కబుర్లు ఎవరు. రాశాక మగపిల్లలూ, దూరాన వున్నవాళ్ళూ, చివరికి పదో తరగతి చదివే మనవరాలూ చేయగలిగిన పనులు అందులో ఎన్ని వుంటాయో మీకే ఆశ్చర్యం వేస్తుంది. పెద్దవాళ్ళను కూడా అడిగి రాయండి. మా అమ్మ ఆ కాగితం మీద తన వంతు కూడా రాయించుకుంది. "చిక్కుడుకాయలు నేనే ఈనెలు తీస్త, కూసోని చేసే పనే గద" అని.

ఇంగ్లీషు సంగతికి వస్తే, పిల్లల స్కూలు ఫారాల్లోనూ, పాస్‌పోర్టు కాగితాల్లోనూ వృత్తి అనే చోట 'హౌస్‌వైఫ్' అనో 'హోమ్ మేకర్' అనో రాస్తాం. అది రాయండి, తప్పేం లేదు. కానీ ఎవరైనా ఎదురుగా "మీరేం చేస్తుంటారు" అని ఇంగ్లీషులో అడిగితే "నథింగ్" అనకండి. 'ఐ లుక్ ఆఫ్టర్ మై మదర్', 'ఐ లుక్ ఆఫ్టర్ టూ చిల్డ్రన్ అండ్ ఎ హౌస్' అని నిదానంగా, ఆ 'ఆఫ్టర్'ను మింగేయకుండా చెప్పండి. వ్యాకరణం తప్పుతుందేమోనని భయం వద్దు. పైన చెప్పిన నియమం ఒక్కటి గుర్తుంటే తప్పదు.

మా అమ్మ ఇప్పుడు వాకరుతో వాకిలి దాకా వస్తోంది. పోయిన వారం నేను కోదాడ బస్సుకు బయల్దేరుతుంటే గేటు దాకా వచ్చి నిలబడి, నేను మలుపు తిరిగేదాకా వెనకాలే చూస్తూ వుంది. చేతిలో వాకరు వుంది, మనిషి ఇంకా వణుకుతూనే వుంది. అయినా "పైలం బిడ్డా, దిగంగనే ఫోన్ చెయ్" అని కేకేసింది. ఇంగ్లీషు 'ఆఫ్టర్' అంటే ఏమిటని నన్నెవరైనా అడిగితే ఆ చూపే చెబుతాను.